గోధుమ మూడోసారీ నిలవలేదు

గోధుమ మా ఆడ అల్పాకా, భీముడు మగది. మూడోసారి కట్టించాక నిన్న ఏడో రోజు. భీముణ్ణి తాడు పట్టి కంచె దాకా నడిపించి, గోధుమ ఇప్పుడు ఉమ్ముతుంది, ఇప్పుడు ఉమ్ముతుంది అని మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాను. ఉమ్మితే మగదాన్ని వద్దంటోందని, కడుపు నిలిచి ఉండొచ్చని; కూర్చుంటే రమ్మంటోందని, నిలవలేదని. ఉమ్మలేదు. చెవులైనా వెనక్కి పెట్టలేదు. ముందు మోకాళ్లు మడిచి, తర్వాత వెనక కాళ్లు మడిచి, గడ్డిలో పద్ధతిగా కూర్చుంది. మొహాన ఉమ్మితే సంబరపడే పని నాకు ఇదొక్కటే, ఆ ఉమ్ము కూడా దక్కలేదు.

ముందు మిగతావి. మల్లి ఈనింది, ఆడపిల్ల, 17 పౌండ్లు, గంటలో లేచి జున్నుపాలు తాగింది. సీతకి మే నెలాఖరులో కట్టించింది 60 రోజుల స్కాన్‌లో ఖాయమైంది. ఉన్ని కత్తిరింపు మేలోనే అయిపోయింది, హైనిగర్ మెషిన్‌కి అంత డబ్బు పెట్టినందుకు ఈ ఏడాది బాధ లేదు.

ఇక గోధుమ. ఆరేళ్లది, ఇప్పటికి రెండు ఈతలు, ఏ గొడవా లేదు. ఈ ఏడాది లెక్క ఇదీ. మే 24న కట్టించాను, 22 నిమిషాలు. 7వ రోజు ఉమ్మింది, 14వ రోజు ఉమ్మింది, 21వ రోజు కూర్చుంది. అదే రోజు, జూన్ 14న, మళ్లీ కట్టించాను, 31 నిమిషాలు. 7, 14 రోజుల్లో ఉమ్మింది. ఈసారి ఉమ్ముని నమ్మకుండా 15వ రోజు రక్తం పంపితే కడుపుని నిలబెట్టే హార్మోను, ప్రొజెస్టెరాన్, మిల్లీలీటరుకి 3.8 నానోగ్రాములు వచ్చింది. ఒకటి దాటితేనే మనం పండగ చేసుకుంటాం కదా, నేనూ చేసుకున్నాను. 32వ రోజు, జూలై 16న, స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టరు గారు రెండు వైపులా పది నిమిషాలు వెతికారు. మూడు రోజులు ఆగి జూలై 19న మూడోసారి, 18 నిమిషాలు. దాని ఫలితమే నిన్నటి కూర్చోవడం.

నన్ను తినేస్తున్నది ఏంటంటే, ఇది ఒక జబ్బు కాదు, రెండు. మొదటి రెండుసార్లు అండం విడుదలైంది. అసలు నిలవకపోతే పన్నెండో రోజుకల్లా హార్మోను పడిపోయి 14వ రోజు కూర్చోవాలి, కానీ ఉమ్మింది. అంటే లోపల ఏదో పట్టింది, పట్టి పోయింది. మూడోసారి మాత్రం 7వ రోజే కూర్చుంది కాబట్టి అండమే రాలేదు. ఇదంతా వీడియో కాల్‌లో మా నాన్నకి చెప్తే, ఒంగోలు ఆవుల మధ్య పెరిగిన మనిషి, "ఎదకు రాని గొడ్డుకి చూడెట్టా కడతదమ్మా" అన్నాడు. వీటికి ఎద ఉండదు నాన్నా, మగది ఎక్కాకే అండం దిగుతుంది, దాన్ని దింపే పదార్థం వీర్యంలోనే ఉంటుంది అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మీ మగదాన్నే చూడండి" అన్నాడు. అది మాత్రం కొట్టిపారేసే మాట కాదు.

ఎందుకంటే ఎండ. పాక తలుపు మీద రోజూ ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో, దాని కింద తేమ శాతం, రెండూ కూడి రాస్తాను. 150 దాటితే జాగ్రత్త, 180 అంటే ప్రాణం మీదకి వచ్చినట్టే. జూలై 19న పొద్దున పదింటికే 84, తేమ 71, మొత్తం 155. ఒహాయో ఎండ ఏముందిలే అని ఇండియాలో అందరూ నవ్వుతారు గానీ, ఉన్ని కోటు తొడుక్కుని ఈ తేమలో నిలబడి చూడాలి. జూన్ ఆఖర్లో 160 దాటిన రోజులు నాలుగు. వీర్యం తయారవడానికి రెండు నెలల దాకా పడుతుంది కాబట్టి, సీత మేలో నిలిచింది కదా అని భీముడికి జూలైలో కూడా మంచి సర్టిఫికెట్ ఇవ్వలేను.

రెండో అనుమానం ఒళ్లు. తూకం 168 పౌండ్లు, పోయినేడు ఇదే రోజుల్లో 150. డిసెంబరులో పిల్లని పాలు మాన్పించాక దీనికి తినడం తప్ప పని లేదు. వెన్నెముక మీద చెయ్యేస్తే ఎముక తగలాలంటే నొక్కాల్సి వస్తోంది, 5కి 4 వేస్తాను, 3 ఉండాలి. తప్పు నాదే, అన్నిటికీ ఒకే తొట్టిలో మజూరీ కంపెనీ దాణా పెట్టాను. దాణా మంచిదే, నేను దాన్ని వదలను, కానీ ఖాళీగా ఉన్న ఆడదానికి అంత అక్కర్లేదు.

మూడోది, నాకు ఎక్కువ భయమున్నది, గర్భసంచి. పోయినేడు ఈనినప్పుడు మాయ పడటానికి ఏడు గంటలు పట్టింది. మొత్తం పడింది కదా అని వదిలేశాను, పరచి చూడలేదు. చిన్న ముక్క లోపల ఉండిపోయి ఇన్నాళ్లూ పాడు చేస్తోందేమో. అలాంటి సంచికి నెలకోసారి మగదాన్ని కట్టించడం పుండు మీద కారం చల్లినట్టే. సెలీనియం అనే ఖనిజం ఒంట్లో ఎంతుందో కూడా చూపించాలి, ఇక్కడి నేలలో అది తక్కువ.

మా ఆయన అమ్మేద్దాం అంటున్నాడు. ఆరేళ్ల వయసులో 20.4 మైక్రాన్ల సన్నటి ఉన్ని ఇస్తున్నదాన్ని అమ్మడమా! ఒడికే వాళ్లనెవర్నైనా అడగమనండి.

కాబట్టి ఇప్పుడు సెప్టెంబరు ఆఖరు దాకా సెలవు. అప్పుడు నిలిస్తే పదకొండున్నర నెలలకి వచ్చే ఏడాది సెప్టెంబరు మధ్యలో ఈనుతుంది, పిల్లకి ఎండా ఉండదు, ఈగలూ తగ్గుతాయి. గోధుమని ఈ రోజే పచ్చిక లేని దొడ్లోకి మార్చాను, మొదటి కోత ఎండుగడ్డి, దాణా బంద్, కట్టించే నాటికి 155కి దించాలి. గురువారం సంచిలోంచి స్వాబ్ తీస్తారు. నాలుగోసారి అండం దిగడానికి ఇంజెక్షన్ కూడా వేయిద్దామన్నారు డాక్టరు గారు. భీముడు కాకుండా పక్క కౌంటీ నుంచి ఒక గోధుమరంగు మగదాన్ని మాట్లాడుతున్నాను, బీవీడీ (పశువులకి వచ్చే అంటు వైరస్ జబ్బు) లేదన్న రిపోర్టు చేతికి రాకుండా మాత్రం గేటు తీయను.

భీముడికి రెండో ఫ్యాను పెట్టాను, మధ్యాహ్నం కాళ్లకీ పొట్టకీ పైపుతో నీళ్లు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి కూర్చోబెట్టమని చాలామంది చెప్తారు, నాకు నచ్చదు, పొట్ట కింద ఉన్ని కుళ్లిపోతుంది. రేపు మా పదకొండు అల్పాకాలకీ ఐవర్‌మెక్టిన్ సూది, జింకల నుంచి వచ్చే మెదడు పురుగు పట్టకుండా. తెల్లతోక జింకలు మళ్లీ వెనక కంచె దాకా వస్తున్నాయి.