వెండి మెట్టెలు, ఒక తోడేలు: నవల పూర్తిచేసిన నా అనుభవం

పౌర్ణమి రాత్రి తోడేలుగా మారే ఒక తెలుగు స్త్రీ కథను నవలగా రాయడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది. నేను అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక ల్యాబ్‌లో నైట్ డ్యూటీ చేస్తాను. విరామ సమయాల్లో, అర్బన్ ఫాంటసీ అని పిలిచే ఇంగ్లీషు నవలలు చదవడం అలవాటైంది. అద్దెలూ ఉద్యోగాలూ ట్రాఫిక్కూ ఉన్న ఇప్పటి నగరంలోనే రక్తపిశాచులూ తోడేలు మనుషులూ తిరిగే కథలవి. మా డెన్వర్‌నే నేపథ్యంగా చేసుకుని 2005లో మొదలైన ఒక నవలల వరుసలో కథానాయిక అర్ధరాత్రి రేడియో కార్యక్రమం నడిపే తోడేలు స్త్రీ. ఇటువంటి కథల్లో నాకు అన్నిటికంటే నచ్చినది, నెలకొక రాత్రి ఎక్కడికి పోయిందో ఎవరికీ చెప్పుకోలేని మనిషి మర్నాడు పొద్దున ఏ సాకు చెబుతుందన్న చిక్కు. 2022 శీతాకాలంలో ఆ చిక్కును ఒక తెలుగు ఇంటి కోడలికి తగిలించి, ఆమెకు ఈశ్వరి అని పేరు పెట్టి, రాయడం మొదలుపెట్టాను.

మొదటి అడ్డంకి పేరు దగ్గరే వచ్చింది. తోడేలు మనిషిని ఇంగ్లీషులో వేర్‌వుల్ఫ్ అంటారు. ఆ మాటలో ‘వేర్’ అంటే పాత ఇంగ్లీషులో మగవాడు. భాషా శాస్త్రజ్ఞులు దానిని సంస్కృతంలోని ‘వీర’ శబ్దానికీ, ‘వుల్ఫ్’ను ‘వృక’ శబ్దానికీ చుట్టాలుగా చెబుతారు. ఆ లెక్కన ఈశ్వరిని వీరవృకం అనవచ్చు. కానీ వృకం అనగానే తెలుగువాడికి వృకోదరుడు, అంటే భీముడు, ఆయన వెంట బండెడన్నమూ గుర్తుకు వస్తాయి. నరవృకం అంటే విఠలాచార్య సినిమా వాసన కొట్టింది. చివరికి నవల మొత్తంలో ఆ జాతికి పేరే పెట్టకుండా, ‘తోడేలు’ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టాను. తోడేళ్ల సమూహాన్ని ‘మంద’ అని రాసిన నా మొదటి ప్రతి చూసి, గొర్రెలు కాచిన కుటుంబంలో పుట్టిన ఒక మిత్రుడు, మంద గొర్రెలకుంటుందిగాని తోడేళ్లకుంటుందా అని నవ్వాడు. దానిని ‘గుంపు’గా మార్చాను.

ఆ గుంపు విషయంలోనే మరొక మార్పు కూడా చేయవలసి వచ్చింది. ఇంగ్లీషు నవలల్లో ప్రతి గుంపుకూ కండబలంతో పెత్తనం చేసే ‘ఆల్ఫా’ ఒకడు ఉంటాడు. తోడేళ్లను దశాబ్దాల పాటు పరిశీలించిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్త, 1970లో తాను రాసిన పుస్తకం ద్వారానే ప్రచారంలోకి వచ్చిన ఆ భావనను తరవాత తానే తోసిపుచ్చాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా తల్లీ తండ్రీ వాటి పిల్లలే. అది చదివాక నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే ఉమ్మడి కుటుంబంలో ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందో రాయడానికి నాకు ఏ పరిశోధనా అక్కరలేదు.

కథకు అసలైన ఇరుసు మాత్రం అనుకోకుండా దొరికింది. ఈ సాహిత్యంలో వెండి అంటే తోడేలు మనుషులకు విషం, తాకితే చర్మం కాలుతుంది. ఇంగ్లీషు కథల్లో వెండి ఎక్కువగా తుపాకీ గుండు రూపంలోనే వస్తుంది. పెళ్లయిన తెలుగు స్త్రీకి అది కాలి వేళ్లకే ఉంటుంది. ఈ సంగతి తట్టిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. చేతి తొడుగులు విప్పి, బూట్ల లోపల ఉన్న నా మెట్టెలను బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నాను. ఈశ్వరి మెట్టెలు పెట్టుకుంటే వేళ్లు బొబ్బలెక్కుతాయి, తీసేస్తే అత్తగారు అడుగుతుంది. నడుముకు కింద బంగారం పెట్టకూడదన్నది మన ఆచారం కాబట్టి బంగారు మెట్టెలని తప్పించుకోవడానికీ లేదు. అత్తగారు ఆరు నెలల వీసా మీద డెన్వర్ రావడం, కోడలి కాళ్ల వైపు చూడడం, మేజోళ్లు ఎందుకు విప్పవని అడగడం, వీటితోనే నాలుగు అధ్యాయాలు నడిచాయి. అవి రాయడానికి మూడు వారాలకు మించి పట్టలేదు. మిగతా నవల అలా సాగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

ఏ తోడేలు అన్నది తరవాతి ప్రశ్న. మాది ఒకప్పటి కర్నూలు జిల్లాలోని నందికొట్కూరు ప్రాంతం. అక్కడికి దగ్గరలో, బట్టమేక పిట్టల కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం ఉంది. ఆ గడ్డిమైదానాల్లో కృష్ణజింకలతో పాటు తోడేళ్లు కూడా తిరుగుతాయి. మన తోడేలు సుమారు 20 కిలోల బరువుతో, పలచని ఇసుకరంగు బొచ్చుతో ఉంటుంది. అమెరికా తోడేలు దానికి ఇంచుమించు రెట్టింపు. ఈశ్వరికి ఆ లక్షణం రోళ్లపాడు నుంచే వచ్చిందని రాయగానే రెండు మేళ్లు జరిగాయి. డెన్వర్ వీధుల్లో కయోటీలు, అంటే మన నక్కకు పెద్దక్కల వంటివి, మామూలుగానే తిరుగుతాయి కాబట్టి, ఆమె ఎవరి కంటబడినా కయోటీ అనుకుని ఊరుకుంటారు. రెండవది, ఆ పలచని బొచ్చుతో మంచులో ఆమె వణుకుతుంది. యాభై అయిదు కిలోల మనిషి ఇరవై కిలోల తోడేలైతే మిగిలిన ముప్పై అయిదు కిలోలు ఎక్కడికి పోయాయని మా వారు అడిగారు. ఆ లెక్క నేను తేల్చలేదు.

ఇంతలో 2023 డిసెంబరు వచ్చింది. 1940ల నాటికి, డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో తోడేళ్లను పూర్తిగా చంపేశారు. వాటిని తిరిగి తేవాలని 2020లో ఓటర్లు స్వల్ప తేడాతో నిర్ణయించగా, ఆ డిసెంబరులో ఆరెగన్ రాష్ట్రం నుంచి పది తోడేళ్లను తెచ్చి, మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, కొండల్లో వదిలారు. ఈ రాష్ట్రంలో తోడేలన్నదే లేదన్న నమ్మకం మీద నేను రాసిన నాలుగో వంతు నవల ఒక్క వారంలో పాతబడిపోయింది. పశువుల పెంపకందారుల కోపమూ, మెడకు పట్టీ లేని తోడేలు కనబడితే అధికారులకు కలిగే అనుమానమూ చేర్చి ఆ భాగాన్ని తిరగరాయడానికి ఎనిమిది నెలలు పట్టింది.

తిథుల పొరపాటు చిన్నదేగాని సిగ్గుచేటైనది. వంటింట్లో వేలాడుతున్న తెలుగు క్యాలెండరు చూసి పౌర్ణమి రాత్రులు నిర్ణయించాను. భారతదేశంలో శనివారం పొద్దున ఎనిమిది గంటలకు నిండు చంద్రుడైతే, చలికాలపు డెన్వర్‌లో అది శుక్రవారం రాత్రి ఏడున్నర. ఈశ్వరి రెండు అధ్యాయాల్లో ఒక రోజు ఆలస్యంగా తోడేలైంది.

అన్నిటికంటే కష్టపెట్టినది ఆమె మారే ఘట్టం. ఈ తరహా నవలలు చాలావరకు ‘నేను’ అనే కథనంలోనే ఉంటాయి కాబట్టి నేనూ అలాగే రాశాను. ‘నేను పరిగెత్తాను’ అన్న వాక్యం మనిషికీ తోడేలుకూ ఒకటే కావడంతో, ఆ మార్పు ఎక్కడా తగలలేదు. మొత్తం ప్రతిని ప్రథమ పురుషలోకి మార్చి, లాండ్రీ గది సన్నివేశం ఇలా రాశాను: “ఈశ్వరి తలుపుకు లోపల గడియ పెట్టింది. మెట్టెలు తీసి సబ్బుపొడి డబ్బా వెనక దాచింది. చేతులు నేలకు ఆనించింది. వాసన చూసింది. చెవులు రిక్కించింది. తలుపు గీరింది.” చదువుకుంటే ఒళ్లు జలదరించింది. కథానాయకుడైతే ‘దాచాడు’ అన్నవాడు ‘గీరింది’ దగ్గర పట్టుబడిపోతాడు. స్త్రీకీ జంతువుకూ తెలుగు క్రియ ఒకటే కాబట్టి ఈశ్వరి ఏ వాక్యంలో తోడేలైందో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. స్త్రీని మన వ్యాకరణం మనుషుల్లో లెక్కపెట్టలేదని చిన్నప్పుడు కోపగించుకున్న నాకు, ఆ అన్యాయమే ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆమె గుంపుతో కలిసిన చోట మాత్రం బహువచనం అడ్డుపడింది: ‘పరిగెత్తారు’ అనాలా, ‘పరిగెత్తాయి’ అనాలా? పోయేటప్పుడు ‘పరిగెత్తారు’ అనీ, లేగదూడను పట్టిన తరవాత ‘పరిగెత్తాయి’ అనీ రాశాను. ఇంతా చేశాక, లోపల గడియ పెట్టుకున్న తోడేలు బయటికి ఎలా వెళుతుందని నా మిత్రుడు అడిగాడు. ఆ తలుపును ఓరగా తెరిచి ఉంచవలసి వచ్చింది.

పూర్తయిన నవలను ఒక పత్రికకు పంపితే, తోడేలు మన పాఠకులకు పట్టదు, పాముగా మార్చి పంపితే చూస్తామని సమాధానం వచ్చింది. పాముకు కాళ్లు లేవు, మెట్టెలు ఎక్కడ పెట్టను? ఆ జవాబు వారికి రాయలేదుగాని, మరో పత్రిక 2025లో ధారావాహికగా వేసుకునే వరకు నాలుగు నెలల పాటు మనసులో రాసుకుంటూనే ఉన్నాను.

చివరి అధ్యాయంలో, తెల్లవారుజామున వెనక తలుపు చప్పుడైతే అత్తగారు మంచం మీద నుంచే, “అది వచ్చినట్టుంది,” అంటుంది. కోడలినన్నదో, తోడేలునన్నదో చెప్పకుండా వదిలేశాను. ఆ వారం అమ్మ నందికొట్కూరు నుంచి ఫోన్ చేసి, “అదేమే, వచ్చినది ఎవురో చెప్పకుండానే నిలిపేసినావు,” అంది. అత్తగారికి తెలిసిపోయిందా లేదా అని నేనే ఎదురు అడిగాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఏమో మే. నువ్వు బడి నుంచి వస్తే మీ జేజి గూడా అట్లే అంటాండె కదా. అది వచ్చినట్టుంది, అన్నం పెట్టు అని.”