ఏ4 కాగితాల మీద జాకెట్టు: కొలత ఎక్కడ జారిపోతుంది

మన దర్జీలకు కాగితం నమూనాతో పెద్దగా పని ఉండదు. ఆది జాకెట్టు ఇస్తే దాన్ని గుడ్డ మీద పరచి, టేపుతో నాలుగు కొలతలు సరిచూసుకుని, సుద్దతో గీసి కత్తిరించేస్తారు. డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే పీడీఎఫ్ ప్యాటర్న్‌లో మాత్రం ఎక్కడో ఉన్న మరొకరు కొలతలన్నీ ముందే లెక్కకట్టి, సైజుల వారీగా గీతలు గీసి, ఆ గీతలను ఏ4 పేజీలుగా ముక్కలు చేసి మన చేతికిస్తారు; వాటిని తిరిగి ఒక్కటి చేసే బాధ్యత మనది. దీన్ని కుట్టుకు ముందుండే చిల్లర పనిగా చాలామంది చూస్తారు గాని, జాకెట్టు ఒంటికి పట్టేదీ పట్టనిదీ సగం ఇక్కడే తేలిపోతుందని నా నమ్మకం.

అన్నిటికంటే ముందు చూడవలసింది ప్రింటు స్కేలు. పీడీఎఫ్ తెరిచి ప్రింట్ నొక్కినప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు పేజీని కాగితంలో ఇమిడేలా కొద్దిగా కుదించే ‘ఫిట్’ అన్న ఎంపికను తామే పెట్టేస్తాయి. ఉత్తరమో దరఖాస్తో అయితే ఆ కుదింపు వల్ల నష్టమేమీ లేదు. జాకెట్టు ప్యాటర్న్ 96 శాతానికి కుదిస్తే మాత్రం 36 అంగుళాల ఛాతీ చుట్టుకొలత సుమారు ముప్ఫై నాలుగున్నరకు దిగుతుంది, అంటే హుక్కులు పెట్టుకోవడం అసాధ్యమవుతుంది. అందుకే ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం అన్నదాన్ని ఎంచుకుని, పరీక్ష కోసం గీసిన చదరం ఉన్న పేజీని ఒక్కదాన్నే ముందుగా ప్రింటు తీయాలి. ఆ చదరాన్ని స్టీలు స్కేలుతో అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా కొలిచి, అక్కడ రాసి ఉన్న కొలతతో సరిచూడాలి, ఎందుకంటే కొన్ని ప్రింటర్లు కాగితాన్ని లాగే దిశలో కాస్త తేడా చూపిస్తాయి. దర్జీ టేపు వాడగా వాడగా సాగుతుంది కాబట్టి ఈ పనికి దాన్ని నమ్మను. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించేవారు ఫైలు వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, స్కేలు ఎంత పెట్టారో తెరమీద తామే చూసుకోవడం మేలు.

అమెరికాలో ఉండి కుట్టుకునే మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మన ఏ4 కొలతలు 210, 297. ఏ4 కోసం అమర్చిన పేజీని లెటర్ మీద అసలు సైజులో తీస్తే పొడవులో 18 మిల్లీమీటర్ల చోటు తక్కువ పడి, అంచు గీతలు తెగిపోయే ప్రమాదం ఉంది. ప్యాటర్న్ అమ్మేవారు రెండు రకాల ఫైళ్ళూ ఇస్తే తమ కాగితానికి తగినదాన్ని వాడుకోవాలి.

కొన్ని ప్యాటర్న్‌లలో ఒక్కో సైజు ఒక్కో లేయరుగా, అంటే విడిగా చూపించడానికో దాచడానికో వీలైన పొరగా ఉంటుంది. అక్రోబాట్ రీడర్ వంటి వాటిలో మనకు అక్కరలేని సైజులను కనబడకుండా చేసి ప్రింటు తీస్తే, చంక వంపు దగ్గర గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కళ్ళు తిరిగే బాధ తప్పుతుంది. నడుం పట్టీ వంటి ఉత్త దీర్ఘచతురస్రాల కోసం నేనైతే కాగితం ఖర్చు చేయను. ఆ కొలత చూసి నేరుగా గుడ్డ మీదే గీసుకుంటాను.

ఇక అతికించడం. ఓపిక, చేతి నేర్పు రెండూ అవసరమయ్యేది ఇక్కడే. ప్రతి పేజీకీ కుడి అంచును, కింది అంచును మాత్రమే గీత వెంబడి కత్తిరించి, మిగతా రెండు అంచులను అలాగే ఉంచితే, ఒక పేజీ పక్క పేజీ అంచు మీద చక్కగా కూర్చుంటుంది. ముందు ఒక్కో అడ్డ వరుసను పూర్తిచేసి, తరువాత వరుసలను కలపాలి. పేజీ మూలల్లోని అంకెలు, సగం సగంగా ఉన్న గుర్తులు ఒకదానితో ఒకటి కలవాలి. అవి కలిసినట్టు కనిపించినా చాలదు, వంపు గీత ఒక పేజీ నుంచి మరో పేజీలోకి విరుపు లేకుండా సాగాలి. అతుకు దగ్గర ఒక్క మిల్లీమీటరు ఎడం వచ్చిందనుకుందాం. ప్యాటర్న్‌లో ముందు భాగమూ వెనుక భాగమూ సగం సగమే ఉంటాయి కనుక ఆ తేడా గుడ్డ మీద రెట్టింపవుతుంది. రెండు భాగాలకూ కలిపి చుట్టుకొలతలో 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక్కో భాగంలో అడ్డంగా రెండేసి అతుకులు పడితే 8. వదులు గౌనులో ఇది కనబడకపోవచ్చు. ఒంటికి అతుక్కుని ఉండవలసిన ప్రిన్సెస్ కట్ జాకెట్టులో దాచడం కష్టం.

సెల్లో టేపు కన్నా గ్లూ స్టిక్ నాకు నచ్చుతుంది, పూసిన వెంటనే కాగితాన్ని కొద్దిగా జరుపుకునే వీలుంటుంది. నీళ్ళ జిగురు కాగితాన్ని ముడతలు పడేస్తుంది. మడతలు పోవడానికి ప్యాటర్న్ మీద ఇస్త్రీ పెట్టే అలవాటున్నవారికి టేపు కరిగి పెట్టెకు అంటుకుంటుంది కూడా. నేల మీద పరిచి అతికించేటప్పుడు ఫ్యాను ఆపుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. అంతా అయ్యాక నిలువు పోగు దిశను చూపే బాణం గీత పక్కన పొడవాటి స్కేలు పెట్టి చూడాలి. అది ఎక్కడైనా వంకర పోయిందంటే ఆ పేజీ తిరిగి కూర్చుందన్నమాట, అక్కడ విప్పి మళ్ళీ అతికించాల్సిందే.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి ఏ0 ఫైలు ఉంటుంది. పదహారు ఏ4 కాగితాలంత ఉండే ఆ పెద్ద కాగితాన్ని ఇంటి ప్లానులు ముద్రించే ప్లాటర్ షాపుల్లో తీయించుకోవచ్చు. పరీక్ష చదరాన్ని అక్కడా కొలిచాకే డబ్బు ఇవ్వండి.

గుడ్డ జోలికి పోయే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. విదేశీ ప్యాటర్న్‌లలో కుట్టు కోసం వదిలే చోటు తరచుగా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లే ఉంటుంది, కొన్నిటిలో అదీ కలపరు. మన జాకెట్లకు పక్కల్లో రెండు మూడు వరుసల కుట్లు వేసి, తరువాత విప్పుకోవడానికి గుడ్డ లోపల ఉంచుకునే అలవాటు ఉంది కాబట్టి పక్క గీతకు ఆ చోటును పెన్సిలుతో కలుపుకోవాలి. రెండోది, అతికించిన కాగితాన్ని ఆది జాకెట్టుతో పోల్చడం. భుజం పొడవు, చంక లోతు, డార్ట్ (ఒంపు కోసం గుడ్డను మడిచి వేసే కుట్టు) మొన ఎక్కడికి వస్తోంది అన్నవి కుట్టు గీత నుంచి కుట్టు గీతకు కొలిచి, తేడా ఉన్నచోట కాగితం మీదే దిద్దుకుని, ఆ తరువాత లైనింగు గుడ్డలో ఒకసారి కుట్టి తొడిగి చూసుకుంటే పట్టు గుడ్డ మీద కత్తెర పెట్టడానికి భయం ఉండదు.