వాటర్ కూలింగ్ పెట్టించాలా వద్దా: నా అనుభవం

నిన్న రాత్రి తేల్చేసుకున్నాను. నా ఇంటి కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్, అంటే ప్రాసెసర్ వేడిని ట్యూబుల్లో తిరిగే నీళ్లతో బయటికి లాగే ఏర్పాటు, వద్దు. దీనికోసం పడ్డ తంటా, మధ్యలో పడ్డ మాటలు ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. ఇదే ప్రశ్నతో తల పట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకు దొరికే సలహాల్లో సగం అమ్మేవాళ్లు చెప్పేవే.

ముందు నా మెషిన్ గురించి. ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్, ఎనిమిది కోర్లు. డబ్బా మీద రాసేది 105 వాట్లు, కానీ లోడ్ పూర్తిగా పడితే 142 వాట్ల దాకా లాగుతుంది. 90 డిగ్రీలు దాని హద్దు, అక్కడికి చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. దీనితో పాటు కూలర్ ఇవ్వరు, విడిగా కొనుక్కోవాలి. నేను వాడుతున్నది 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి ఉన్న మామూలు టవర్ కూలర్, అంటే ప్రాసెసర్ మీద నిలబెట్టి గాలితో చల్లబరిచే లోహపు రెక్కల దిమ్మ. పక్కన 220 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఉంది. బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలో రెండర్లు (గీసిన దృశ్యాన్ని కంప్యూటర్ లెక్కకట్టి బొమ్మగా తయారుచేయడం), కాస్త వీడియో ఎడిటింగ్, ఎప్పుడైనా గేములు, ఇవీ నా పనులు.

నా బాధ శబ్దం. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిస్తే చాలు ఫ్యాన్ ఒక్కసారిగా గట్టిగా తిరిగి, రెండు మూడు సెకన్లలో తగ్గి, ఇంకో ట్యాబ్ తెరవగానే మళ్లీ మొదలు. ఒకే స్థాయిలో వచ్చే హోరు అయితే చెవి అలవాటు పడుతుంది. ఈ పెరగడం తగ్గడం మాత్రం నిద్రపోతున్న మనిషిని కూడా లేపుతుంది. దుమ్ము దులిపాను, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చాను, కొన్ని డిగ్రీలు తగ్గాయి, శబ్దం అలాగే ఉంది.

అప్పుడు మెషిన్ అసెంబుల్ చేసి ఇచ్చినవాళ్లకు ఫోన్ చేశాను. పేరు చెప్పను. అవతలి మనిషి నా మాట సగం కూడా వినలేదు. ఉష్ణోగ్రత ఎంత, గది ఎంత వేడిగా ఉంది, ఏ పని చేస్తుంటే ఇలా అవుతోంది, ఒక్క ప్రశ్న లేదు. "వాటర్ కూలింగ్ పెట్టించుకోండి సార్, 360 రేడియేటర్ వేసేద్దాం" అన్నాడు. అంటే వేడెక్కిన నీళ్లను ఫ్యాన్లతో చల్లార్చే 360 ఎంఎం రెక్కల పలక. దానివల్ల ఎన్ని డిగ్రీలు తగ్గుతాయని అడిగితే, "ఎయిర్ కూలర్‌తో సర్దుకునేవాళ్లు ఇలాంటి ప్రాసెసర్ ఎందుకు కొన్నారు సార్, చిన్నది తీసుకోవాల్సింది కదా" అన్నాడు, వెనకాల ఇంకెవరో నవ్వడం కూడా వినిపించింది. నా డబ్బుతో కొనుక్కున్న వస్తువు గురించి ఒక లెక్క అడిగితే వచ్చిన జవాబు అది. అతనికి ఆ లెక్క తెలియదు, అందుకే ఆ మాట అన్నాడని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. నేను కూర్చుని కొలిచాను కాబట్టి నాకు తెలుసు.

కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం, గదిలో ఒక థర్మామీటర్ చాలు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేయండి, మిగిలిందే కూలర్ పనితనం. గది ఐదు డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు ఐదు డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది, అది కూలర్ తప్పు కాదు. "నాకు 65 దాటదు" అని చెప్పేవాళ్ల గది ఎంత చల్లగా ఉందో తెలియకుండా ఆ మాట నమ్మకండి.

నీళ్లలో మహిమ లేదని నేను అనడం లేదు. ఒకే పరిమాణం తీసుకుంటే గాలి కంటే నీరు సుమారు 3500 రెట్లు ఎక్కువ వేడిని పట్టుకుంటుంది. 1960ల నాటి ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 91 నీటితోనే చల్లబడేది. ఆపిల్ 2004లో పవర్ మ్యాక్ జీ5లో 2.5 గిగాహెర్ట్జ్ మోడల్‌కి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టింది. కానీ నీళ్లు వేడిని మోసుకెళ్తాయి అంతే, మాయం చేయవు. ఆ వేడి చివరికి రేడియేటర్ రెక్కల గుండా, ఫ్యాన్ తోసే గాలిలోకే పోవాలి. అంటే వాటర్ కూలింగ్‌లో కూడా ఆఖరి పని గాలిదే, గది కంటే చల్లగా ఏదీ అవ్వదు.

కస్టమ్ లూప్ ఆలోచనను ఒక్క సాయంత్రంలోనే పక్కన పెట్టేశాను. పంప్, రిజర్వాయర్, బ్లాకు (చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లకు అందించే లోహపు ముక్క), ట్యూబులు, ఫిట్టింగులు అన్నీ విడివిడిగా కొని కలపాలి. రాగి బ్లాకుకి అల్యూమినియం రేడియేటర్ జతచేస్తే లోపల తుప్పు మొదలవుతుంది. ద్రవం ఏడాదికోసారి మార్చాలి, లేకపోతే నాచు పట్టే ప్రమాదం. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే దాని బ్లాకూ మార్చాలి. ఇష్టంతో చేసేవాళ్లకు అదొక చక్కని హాబీ, చూడ్డానికీ బాగుంటుంది, వాళ్లంటే నాకు గౌరవమే. నాకు కావలసింది నిశ్శబ్దంగా పనిచేసే మెషిన్.

మిగిలింది ఏఐఓ, అంటే ఫ్యాక్టరీలోనే ద్రవం నింపి సీలు చేసి వచ్చేది. కొనే ముందు పరీక్షించాలనుకున్నాను. ఒక ఫ్రెండ్ దగ్గర 240 ఎంఎం ఏఐఓ ఊరికే పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. నా బుర్ర తిరిగిపోయింది ఇక్కడే.

బిగించడం సులువుగానే అయింది. క్యాబినెట్ పైభాగంలో పెడదామంటే ర్యామ్‌కి తగులుతోంది, అందుకని ముందువైపు పెట్టాను, ట్యూబులు కిందికి వచ్చేలా, రేడియేటర్ పైకొస పంప్ కంటే ఎత్తులో ఉండేలా. ఇది ముఖ్యం. సీలు చేసిన లూప్‌లో కూడా కాస్త గాలి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబుల గుండా ద్రవం సూక్ష్మంగా ఆవిరైపోయి ఆ గాలి పెరుగుతుంది. లూప్‌లో అన్నిటికన్నా ఎత్తున పంపే ఉంటే గాలి వచ్చి దానిలో చేరుతుంది, గలగల చప్పుడు వస్తుంది, పంప్ ఆయుష్షు తగ్గుతుంది.

ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే సినీబెంచ్ పరీక్ష పది నిమిషాలు నడిపాను. టవర్ కూలర్‌తో 89 దగ్గర ఆడుతున్న ప్రాసెసర్ 76 దగ్గర నిలబడింది. పదమూడు డిగ్రీలు! ఫోన్‌లో మాట్లాడిన మనిషే కరెక్టేమో అనిపించి, నిజం చెప్పాలంటే చాలా కోపం వచ్చింది. కానీ నా అసలు పని పది నిమిషాల్లో అయ్యేది కాదు. పెద్ద రెండర్ ఒకటి పెట్టి వదిలేశాను. అరగంట తర్వాత చూస్తే 83. మళ్లీ చూశాను, అదే 83. ఏమీ ఊడలేదు, పంప్ తిరుగుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఏడు డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

జవాబు నీళ్లలోనే ఉంది. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి. లూప్‌లో ఉన్న ద్రవమంతా వేడెక్కి, రేడియేటర్ బయటికి పంపే వేడి, ప్రాసెసర్ ఇచ్చే వేడి సమానం అయ్యేదాకా ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది, దానికి పది నిమిషాలు చాలవు. గాలి కూలర్ రెండు మూడు నిమిషాల్లోనే తన ఆఖరి అంకెకు దగ్గరవుతుంది. కాబట్టి పది నిమిషాల పరీక్షలో నీళ్లు ఎప్పుడూ గొప్పగా కనిపిస్తాయి. ఏ పోలికైనా అరగంట నడిపి చూసిందైతేనే నమ్మండి, తక్కువ సేపు నడిపి గ్రాఫులు చూపించేవాటిని వదిలేయండి.

అక్కడితో అయిపోలేదు. గ్రాఫిక్స్ కార్డు కూడా కలిపి పనిచేసే రెండర్‌లో ఆ కార్డు ఉష్ణోగ్రత మునుపటికన్నా నాలుగైదు డిగ్రీలు పెరిగింది. కారణం స్పష్టమే, ముందునుంచి వచ్చే గాలి ఇప్పుడు రేడియేటర్‌లో వేడెక్కి లోపలికి వస్తోంది. మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎం భాగం కూడా వేడెక్కింది, ఎందుకంటే టవర్ కూలర్ ఫ్యాన్ గాలి ఇంతకుముందు దాని మీదుగా కూడా పోయేది, ఇప్పుడు అక్కడ గాలే లేదు. ఒకచోట తగ్గించుకుని రెండుచోట్ల పెంచుకున్నట్టయింది.

అయినా శబ్దం తగ్గితే సరిపెట్టుకునేవాణ్ని. రెండర్ ఆపి బ్రౌజర్‌లో ట్యాబ్ తెరిచాను. ప్రాసెసర్ 44 నుంచి ఒక్క సెకనులో 63కి ఎగిరింది. రేడియేటర్ ఫ్యాన్లు రెండూ హోరుమన్నాయి. తగ్గాయి. ఇంకో ట్యాబ్, మళ్లీ హోరు. ఏ బాధ కోసం ఇదంతా మొదలుపెట్టానో ఆ బాధ అలాగే ఉంది, పైగా ఇప్పుడు ఫ్యాన్లు రెండు, వాటి కింద పంప్ సన్నని కూత ఒకటి అదనం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్లు పెట్టినా సెకనులో ఇరవై డిగ్రీలు ఎగరడం ఏమిటి? చదివి, గీసి చూసుకుంటే అప్పుడు అర్థమైంది. ఎనిమిది కోర్లున్న సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 80 చదరపు మిల్లీమీటర్లే. బొటనవేలి గోరంత లేని చోట నుంచి అంత వేడి రావాలి. ఆ వేడి సిలికాన్ దాటాలి, సోల్డర్ దాటాలి, పైనున్న లోహపు మూత దాటాలి, థర్మల్ పేస్ట్ దాటాలి, కూలర్ అడుగు పలక దాటాలి, ఆ తర్వాతే నీళ్ల ముఖం చూస్తుంది. ఆ మొదటి సెకనులో జరిగేదంతా చిప్ లోపలే, బయట నీళ్లున్నా గాలి ఉన్నా తేడా ఉండదు. ఫ్యాన్ హోరు మాత్రం వేడి వల్ల కాదు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఫ్యాన్ ప్రతి సెకను ఎగురుడికీ స్పందించేలా పెట్టి ఉండటం వల్ల!

బయోస్‌లోకి వెళ్లాను. ఫ్యాన్ వేగం పెరగడానికి ముందు ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, స్టెప్ అప్ అనో స్మూతింగ్ అనో బోర్డును బట్టి పేరు మారుతుంది. దాన్ని ఐదు సెకన్లు చేశాను. ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే ఫ్యాన్ కర్వ్‌ని 65 డిగ్రీల దాకా దాదాపు సమంగా ఉంచి, ఆ తర్వాత మెల్లగా పెరిగేలా గీశాను. ట్యాబులు వరసగా తెరిచాను, ఫ్యాన్ కదలలేదు. ఒక్క పైసా ఖర్చు లేకుండా అయిపోయే పని ఇది. మెషిన్ బిగించి ఇచ్చేటప్పుడు ఐదు నిమిషాలు కేటాయించి ఆ మనిషే చేసి ఇవ్వొచ్చు. చేయలేదు, పైగా ప్రాసెసర్ ఎందుకు కొన్నావని అడిగాడు. అడిగినవాణ్ని చిన్నబుచ్చడం కన్నా తెలియదని చెప్పడం మర్యాద, ఆ మాట అనగలిగినవాళ్ల దగ్గరే వస్తువు కొనండి.

మిగిలింది పెద్ద రెండర్ల వేడి. దానికి కూడా బయోస్‌లోనే దారి ఉంది. పీపీటీ హద్దును, అంటే ప్రాసెసర్ గరిష్ఠంగా లాగగల కరెంటును, 142 నుంచి 105 వాట్లకు దించాను, కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 15 పెట్టాను, అంటే అదే వేగానికి కాస్త తక్కువ వోల్టేజీ. ప్రతి చిప్ ఒకేలా ఉండదు కాబట్టి మీరు మైనస్ 5తో మొదలుపెట్టి, కొన్ని రోజులు వాడి చూసి పెంచుకోండి, తొందరపడితే పని లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా రీస్టార్ట్ అయిపోవచ్చు. నా దగ్గర పది నిమిషాల రెండర్ మీద అర నిమిషం కూడా పెరగలేదు. ఏఐఓ తీసేసి పాత టవర్ కూలర్ మళ్లీ బిగించి ఇదే రెండర్ అరగంట నడిపితే 74 దాటలేదు. 142 వాట్లకు నీళ్లు ఇచ్చింది 83, 105 వాట్లకు గాలి ఇచ్చింది 74. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కాగితం మీద రాసుకున్నాక ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

అయితే అందరికీ ఇదే సరిపోతుందని కాదు. ఇంటెల్ కోర్ ఐ9-13900కే లాంటి ప్రాసెసర్ 253 వాట్లు లాగుతుంది, దాన్ని హద్దులు తగ్గించకుండా గంటల తరబడి అన్ని కోర్ల మీద నడపాలంటే 360 ఎంఎం రేడియేటర్ అర్థవంతమే. చిన్న క్యాబినెట్‌లో పొడవాటి టవర్ పట్టకపోతే ఏఐఓ మంచిది. మెషిన్‌ని తరచూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేవాళ్లు కూడా ఆలోచించాలి, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి జంట టవర్ గాలి కూలర్ ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు ఉంటుంది, అంత బరువు మదర్‌బోర్డుకి వేలాడుతూ ప్రయాణించడం బాగోదు. అలాంటిది కొంటే దాని ఎత్తు 165 ఎంఎం అని గుర్తుంచుకుని మీ క్యాబినెట్ వెడల్పు కొలవండి, ర్యామ్ ఎత్తు కూడా చూసుకోండి. ఇక 450 వాట్లు లాగే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి గ్రాఫిక్స్ కార్డుకి నీళ్లు పెడితే ప్రాసెసర్ కంటే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది, ఆ చిప్ పెద్దది కాబట్టి వేడి త్వరగా బయటికి వస్తుంది. కానీ అది కస్టమ్ లూప్ చేసుకునేవాళ్ల దారి.

ఏఐఓ కొన్నవాళ్లు ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. గాలి కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, అది మార్చుకుంటే మళ్లీ ఏళ్లు నడుస్తుంది. ఏఐఓలో పంప్ పోతే చాలావాటిలో మొత్తం సెట్టే మార్చాలి. వారంటీ ఎన్నేళ్లో, లీకైతే మిగతా భాగాలకు జరిగే నష్టం కూడా అందులో వస్తుందో రాదో కొనేముందే రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మకండి.

ఫ్రెండ్ ఏఐఓ శుభ్రంగా తుడిచి వెనక్కి ఇచ్చేశాను. నా క్యాబినెట్ ముందువైపు మూసి ఉన్న గాజు పలక తీసేసి జాలీ పలక పెట్టాను, దాంతో గ్రాఫిక్స్ కార్డు కూడా ఆరు డిగ్రీలు తగ్గింది. ఇది రాస్తున్నంతసేపూ పక్కన రెండర్ నడుస్తోంది, ప్రాసెసర్ 72 దగ్గర ఉంది.