చండీగఢ్‌లో కుర్చీల వెంట

పాత టేకు సామాను కొని, బాగు చేయించి, తిరిగి అమ్మడం నా వ్యాపారం. అందులోనూ 1950, 60 దశకాలలో కార్యాలయాలకూ కళాశాలలకూ గ్రంథాలయాలకూ తయారైన కుర్చీలు, బల్లలు, పుస్తకాల బీరువాల మీదే నాకు దృష్టి ఎక్కువ. ఈ వ్యాపారంలో ఉన్న ఎవరిని కదిపినా రెండో మాటగా చండీగఢ్ పేరు వస్తుంది. ప్రభుత్వ కార్యాలయం తుక్కు కింద వేలం వేసిన కుర్చీ పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో లక్షల రూపాయలు పలికిందన్న కథ మాకందరికీ కంఠతా వచ్చు. ఆ కథ చెప్పేవాళ్ళకు కొదవ లేదు గాని, ఆ కుర్చీ అడుగుభాగం ఎలా ఉంటుందో చూసినవాళ్ళు మాలో తక్కువ. అసలైన వస్తువును దేనిని బట్టి గుర్తుపట్టాలో, దానికి అంత ధర ఎక్కడ పుట్టిందో స్వయంగా తెలుసుకుందామని ఒక చలికాలంలో బయలుదేరాను. కొనే ఉద్దేశం లేదు. చండీగఢ్ వారసత్వ సామానును అక్కడ చట్టప్రకారం కొనే వీలు లేదని ముందే తెలుసు.

ఢిల్లీ నుంచి పొద్దున్నే కదిలే కాల్కా శతాబ్ది మధ్యాహ్నం కాకముందే చండీగఢ్‌లో దింపింది. ప్రయాణంలో చెప్పుకోదగినదేమీ లేదు. కిటికీ బయట పొగమంచు తప్ప మరేదీ కనిపించలేదు.

నేరుగా సెక్టార్ 19లోని లె కార్బూజియే సెంటర్‌కు వెళ్ళాను. నగర నిర్మాణం సాగిన రోజుల్లో వాస్తుశిల్పులు కూర్చుని పనిచేసిన కార్యాలయం అది. విభజనతో లాహోర్ పాకిస్తాన్‌కు పోవడం వల్ల పంజాబ్‌కు కొత్త రాజధాని కావలసి వచ్చింది. ఆ పనికి 1951లో ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బూజియే వచ్చాడు. ఆయనతోపాటు ఆయనకు వరుసకు సోదరుడైన పియర్ జన్నరే, ఇంగ్లండు నుంచి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు కూడా వచ్చారు. లె కార్బూజియే ఏటా వచ్చి కొంతకాలం ఉండి వెళ్ళేవాడు. జన్నరే మాత్రం 1965 దాకా అక్కడే ఉండిపోయాడు. భవనాలు లేస్తున్నకొద్దీ వాటిలోకి వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు కావలసి వచ్చాయి. విదేశాల నుంచి తెప్పించేంత డబ్బు లేదు. చేతికి అందేవి టేకు, షీషం కలప, పేము, స్థానిక వడ్రంగులు. ఆ పరిమితిలోనుంచే తిరగేసిన ‘వి’ అక్షరం లాంటి కాళ్ళ కుర్చీ పుట్టింది. పక్కనుంచి చూస్తే ముందుకాలు, వెనకకాలు పైన దగ్గరగా కలిసి, కిందికి వచ్చేసరికి దూరమవుతాయి. వాటి మీద చెయ్యి ఆనించే అడ్డకొయ్య, మధ్యలో పేము అల్లిన సీటు, వీపు. వంపు తిరిగిన కొయ్య దాదాపు కనిపించదు. రంపం, చిత్రిక, ఉలి ఉన్న ఏ పల్లెటూరి వడ్రంగి అయినా చేయగలిగేలా గీసిన కుర్చీ అది.

ఆ సెంటర్‌లో పాత ఫొటోలూ నక్షలూ ఉత్తరాలూ చాలా ఉన్నాయి. వాటిని త్వరగా దాటి కుర్చీల దగ్గర ఆగిపోయాను. ముట్టుకోకూడదు గనుక మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకు ఆనించినంత పనిచేసి అడుగు చూశాను. కాపలా మనిషి కాసేపు అనుమానంగా గమనించి, ఏదైనా పడిపోయిందా అని అడిగాడు. కుర్చీ కాళ్ళు చూస్తున్నానని చెబితే, ఇలాంటివాళ్ళు అప్పుడప్పుడు వస్తూనే ఉంటారన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

నేను చూసిన కుర్చీలలో ఒకదాని కాళ్ళు అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు వరకూ మిగతా భాగం కంటే నల్లగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి తడిగుడ్డతో గచ్చు తుడిచిన కార్యాలయంలో ఉన్న కుర్చీకి మాత్రమే వచ్చే మరక అది. నీళ్ళు కాలి చివరి కొయ్యలోకి ఇంకి, ఆరి, మళ్ళీ ఇంకి, నారల వెంట మెల్లగా పైకి పాకుతాయి. కాబట్టి పై అంచు గీత గీసినట్టు ఉండదు, ఒక నార దగ్గర ఎక్కువగా, పక్క నార దగ్గర తక్కువగా ఉంటుంది. రంగు పులిమి పాతబరిచిన కుర్చీలో ఆ అంచు సమంగా ఉంటుంది. చెయ్యి ఆనే కొయ్య సంగతీ అంతే. మనిషి అరచెయ్యి నిజంగా పడేది కొయ్య ముందు కొస మీద, లోపలి అంచు మీద. ఆ చోట్లే కొయ్య గుండ్రంగా అరిగి, నూనె పట్టినట్టు మెరుస్తుంది. నకిలీ చేసేవాడు పొడవునా గరుకు కాగితం పట్టించి అంతటా ఒకే తీరున అరగదీస్తాడు. నిజమైన అరుగుదల బద్ధకస్తుడి పని లాంటిది, అవసరమైన చోట తప్ప మరెక్కడా కనిపించదు.

ఇక అక్షరాలు. ఏ విభాగానికి చెందినదో, వరుస సంఖ్య ఎంతో తెలిపేలా కుర్చీ వెనకో పక్కనో రేకు అచ్చుతో వేసిన రంగు రాతలు అవి. కార్యాలయం లెక్కల కోసం గుమస్తా వేయించిన గుర్తులకు ఇవాళ వేలంశాలల్లో విలువ ఉంది. తొలిరోజుల్లో విదేశీ వర్తకులు కుర్చీలను పూర్తిగా చెక్కి, కొత్త పాలిష్ వేసి, కొత్త పేము అల్లించి అమ్మేవారు. తరువాత కొనేవారి అభిరుచి మారి, పాత పొర చెదరని వస్తువుకే గిరాకీ పెరిగింది. ఈ మార్పు నా వ్యాపారానికి కూడా వర్తిస్తుంది గనుక ఆ గది నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు సెక్టార్ 5లో జన్నరే నివసించిన 57వ నంబరు ఇంటికి వెళ్ళాను. 2017 నుంచి అది మ్యూజియం. ఇటుక, రాయి, గాలి ఆడే కిటికీలు, ఆడంబరం లేని గదులు. ఆ గదుల్లో కుర్చీ దాని కొలతకు తగిన చోట కనిపిస్తుంది. వేలంశాలల ఫొటోల్లో తెల్లటి తెర ముందు ఒంటరిగా నిలబెట్టినప్పుడు కనిపించే దర్పం ఇక్కడ లేదు. జన్నరే 1967లో మరణించాక, ఆయన కోరిక మేరకు అస్థికలను సుఖ్నా సరస్సులో కలిపారు. అయితే వేలం జాబితాలు ఈ సామానునంతటినీ ఆయన ఒక్కడి పేరుతో అమ్మడం నాకు సరిగా తోచదు. యూలీ చౌధురి, ఆదిత్య ప్రకాశ్, జీత్ మల్హోత్రా వంటి భారతీయ వాస్తుశిల్పులు ఆ బృందంలో పనిచేశారు. ఒకే నమూనాను వేర్వేరు కార్ఖానాలలో వేర్వేరు చేతులు తయారుచేశాయి. అందుకే ఒకే రకం కుర్చీలు రెండు పక్కపక్కన పెడితే కాళ్ళ మందంలోనో వాలులోనో తేడా కనిపిస్తుంది. తేడా ఉంది కాబట్టి నకిలీ అనడానికి లేదు, నకిలీలు చేసేవారికి ఇదే పెద్ద వెసులుబాటు. కొనేవాడు మాత్రం పేరుకే డబ్బు ఇస్తాడు. అది వ్యాపారంలో చేదు నిజం.

క్యాపిటల్ కాంప్లెక్స్‌ను చూడాలంటే పేరు నమోదు చేసుకుని, గుర్తింపు పత్రం చూపి, గైడ్ వెంట నడవాలి. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ మూడు భవనాలు, హైకోర్టు, సచివాలయం, శాసనసభ, గొప్పవే. వాటి గురించి రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. నా కళ్ళు మాత్రం తలుపు సందులలోంచి లోపలి వరండాలలోకే పోయాయి. ఒకచోట పాత పేము కుర్చీ పక్కనే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ప్లాస్టిక్ దాని మీద మనిషి కూర్చున్నాడు, పేము దాని మీద ఫైళ్ళు ఉన్నాయి.

ఈ సామాను బయటికి పోయిన తీరులో రహస్యం తక్కువ. పేము తెగిన కుర్చీని అల్లించడం కంటే కొత్తది కొనడం కార్యాలయాలకు సులువు. పాడైనవాటిని కండెమ్ చేసినట్టు, అంటే ఇక పనికిరావని, రాసి, మేడల మీదా ఆవరణలలోనూ గుట్టలుగా పోసి, తరువాత తుక్కు ధరకు వేలం వేశారు. 1990ల చివరి నుంచి ఫ్రెంచి వర్తకులు ఆ వేలాలలో పాడుకుని, పెట్టెల్లో సర్ది తీసుకుపోయారు. మనదేశంలో చాలామంది దీన్ని దోపిడీ అంటారు. నేను ఆ మాట అనలేను. బహిరంగ వేలంలో రసీదు తీసుకుని కొన్నదాన్ని దొంగసొత్తు అనడం కుదరదు. మనం తుక్కు అనుకున్నదాన్ని కాదని తేల్చింది, మరమ్మతుకు డబ్బు పెట్టింది, చరిత్ర తవ్వి ఫొటోలతో సహా ప్రచారం చేసింది వాళ్ళే. అయితే ఒక సందేహం నన్ను వదలలేదు: అమ్మినవాడికి విలువ తెలియదని తెలిసి కొనడంలో ఎంతవరకు తెలివి, ఎక్కడి నుంచి అన్యాయం? పాత సామాను వ్యాపారి రోజూ ఆ గీత మీదే నడుస్తాడు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక సామాను తీసేసేవాళ్ళ దగ్గర నేను కొనేటప్పుడు, దాని విలువ మీకు తెలుసా అని అడగడం అలవాటు చేసుకున్నాను. దానివల్ల లాభం కొంత తగ్గుతుంది, మళ్ళీ పిలిచేవాళ్ళు పెరుగుతారు.

2011లో కేంద్ర హోంశాఖ ఈ వారసత్వ సామాను అమ్మకాన్ని, వేలాన్ని నిషేధించింది. నగరంలో మిగిలినవాటిని లెక్కపెడితే 12 వేలకు పైగా తేలాయి. కాని బయటి దేశాలకు చేరినవాటిని ఆపే సాధనం చేతిలో లేదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే కనీసం వందేళ్ళు నిండాలి. 1955లో చేసిన కుర్చీకి ఆ అర్హత 2055లో గాని రాదు. అందుకే ఏటా విదేశీ వేలాలు సాగుతూనే ఉంటాయి, ఇక్కడి నుంచి అభ్యంతరపు ఉత్తరాలు పోతూనే ఉంటాయి.

తిరిగి వచ్చే ముందు నగర శివార్లలో పేము అల్లే ఒక వృద్ధ వడ్రంగిని కలిశాను. ఈ యాత్రలో వ్యాపారానికి అన్నిటికంటే పనికివచ్చిన గంట అదే. పేము బద్దలను నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక చట్రం చుట్టూ వరుసగా వేసిన రంధ్రాల్లోంచి నిలువుగా, అడ్డంగా, తరువాత ఐమూలగా లాగుతున్నాడు. ఆరేటప్పుడు పేము బిగుసుకుని సీటు డోలు చర్మంలా నిలుస్తుంది. యంత్రం మీద ముందే నేసిన జాలీని గాడిలో నొక్కి, జిగురు పెట్టి, పైన బద్ద కొట్టడం రెండో పద్ధతి. అది చవక, త్వరగా అవుతుంది. “భాయీ సాబ్, ముందు వైపు చూసి కొనకండి, సీటు కిందికి చెయ్యి పోనివ్వండి. రంధ్రాలుంటే వేలికి తగులుతాయి” అన్నాడు ఆయన. పాత రంధ్రాల అంచులు బద్దల రాపిడికి నునుపెక్కి ఉంటాయి, కొత్తగా డ్రిల్లు వేసినవి పదునుగా ఉంటాయి అని కూడా చూపించాడు. ఈ నమూనాలోనే ఆయన కొత్త కుర్చీలు కూడా చేస్తాడు, కొత్తవనే చెప్పి అమ్ముతాడు. ఇటలీలోని కసీనా కంపెనీ కూడా 2019 నుంచి జన్నరేకు నివాళిగా ఇలాంటి కుర్చీలను బాహాటంగానే తయారుచేస్తోంది. కొత్తదాన్ని కొత్తదిగా అమ్మడంలో తప్పు లేదు, లాభమూ ఉంది.

పాత సామానులో లాభం ఎక్కడ కరిగిపోతుందో బయటివారికి అంత తెలియదు. కొన్న ధర చిన్న భాగం. రవాణా, పేము అల్లిక, పాలిష్, అన్నిటికీ మించి అమ్ముడుపోయేదాకా అది ఆక్రమించే చోటు, ఇవి మిగతాదంతా తింటాయి. ఒంటరి కుర్చీ కంటే ఆరు కుర్చీల సెట్టు ఒక్కోదానికి ఎక్కువ ధర తెస్తుంది. నిలువెత్తు బీరువా ఎంత గొప్ప కలపదైనా అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టకపోతే నెలల తరబడి గోడౌన్‌లోనే నిలబడుతుంది. చండీగఢ్ సామానును తాకకుండానే ఈ యాత్ర నాకు ఉపయోగపడింది ఇక్కడే. పాత కళాశాలలూ బ్యాంకులూ ప్రభుత్వరంగ సంస్థలూ కండెమ్ చేసిన సామాను ఇప్పటికీ వేలానికి వస్తూనే ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా జరిగే ఈ-వేలాలలో కూడా కనిపిస్తుంది. వాటిలో పాడుకున్నప్పుడు వేలం కాగితం, లాట్ నంబరు, సామాను ఉన్న గదిలోనే తీసిన ఫొటోలు కుర్చీతోపాటు కొనుగోలుదారుకు ఇస్తే, అదే కలప, అదే పని ఉన్న మరో కుర్చీ కంటే అది ముందు అమ్ముడుపోతుంది. గుమస్తా వేయించిన నంబరును చెరపవద్దని పాలిష్ చేసేవాళ్ళకు ఇప్పుడు ముందే చెబుతున్నాను. శుభ్రం చేయడమంటే వాళ్ళ దృష్టిలో మొదట పోవలసింది ఆ రాతే గనుక రెండుసార్లు చెప్పవలసి వస్తుంది.

ఢిల్లీలో రైలు మారే ముందు సమయం ఉండడంతో ఒక పాత ఫర్నిచర్ బజారులో తిరిగాను. ఒక దుకాణంలో ‘వి’ కాళ్ళ కుర్చీలు రెండు గుడ్డ కప్పి ఉంచారు. యజమాని గుడ్డ తీసి, చండీగఢ్ అని మెల్లగా అన్నాడు. వెనక తెల్ల రంగుతో అక్షరాలు, సంఖ్య. సీటు కిందికి చెయ్యి పోనిచ్చాను. రంధ్రాలు ఉన్నాయి, అంచులు వేలికి గీసుకునేంత పదునుగా ఉన్నాయి. కుర్చీ పక్కకు వాల్చి చూస్తే తెల్ల రాత కొత్త పాలిష్ మీద ఉంది, దాని కింద లేదు. కాళ్ళ అడుగున మరక నాలుగు కాళ్ళకూ ఒకే ఎత్తులో ఆగింది. ఇవేవీ పైకి అనకుండా, వేలం రసీదు ఉందా అని మాత్రం అడిగాను. ఏ ఆఫీసు పేరు మీద కావాలో చెబితే సాయంత్రానికి ఇప్పిస్తానన్నాడు.