78 వేల టర్బో, 1,850 రూపాయల గొట్టం: గుంటూరు నుంచి ఆటోనగర్‌కి ఒక ప్రయాణం

వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటి పది నిమిషాలు అయ్యుంటుంది. ముందు వెళ్తున్న సిమెంటు లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కాను. ఎక్కడో కింద 'ఫట్'మని చప్పుడైంది, అంతే, బండి లాగడం మానేసింది. ఇంజన్ ఆగలేదు, పికప్ మాత్రం పూర్తిగా పోయింది, అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ లైటు. మే నెల మిట్టమధ్యాహ్నం, బండిలో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, హైదరాబాద్ నుంచి గుంటూరు అత్తగారింటికి వెళ్తున్నాం.

పక్కకి తీసి ఆపాక ముందు చూసింది ఇంజన్ ఆయిల్. డీజిల్ బండికి టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగం, దాని లోపలి సీలు పోతే ఇంజన్ తన ఆయిల్‌ని తనే పీల్చుకుని కాల్చేస్తుంది, అప్పుడు తాళం తీసేసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. కాబట్టి టర్బో బండికి దారిలో పికప్ పోతే డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) చూడకుండా మళ్లీ స్టార్ట్ చేయొద్దు, దయచేసి. మాకు ఆయిల్ ఉండాల్సిన గీత దగ్గరే ఉంది. పొగ కూడా నల్లగానే ఉంది, నీలంగా లేదు. నీలం అయితే ఆయిల్ కాలుతున్నట్టు, నలుపు అయితే డీజిల్‌కి సరిపడా గాలి అందనట్టు. కొంచెం ధైర్యం వచ్చి, 50 దాటకుండా, ఎక్కడా గట్టిగా తొక్కకుండా పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరేసరికి చీకటి పడింది.

మర్నాడు పొద్దున్నే బండిని ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టారు, ఇరవై నిమిషాల్లో చెప్పేశారు: "టర్బో పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి, లేబర్‌తో కలిపి 78 వేలు, పార్టు రావడానికి నాలుగు రోజులు." గొట్టాలు విప్పి చూశారా అని అడిగాను. "కోడ్ వచ్చింది కదా సార్" అన్నాడా అబ్బాయి. వచ్చిన కోడ్ పి0299. కావాల్సినంత గాలి ఒత్తిడి తయారవడం లేదని ఆ కోడ్ చెబుతుంది, అంతవరకే. గొట్టం చిరిగినా, క్లిప్పు జారినా, సన్నటి వాక్యూమ్ పైపు పగిలినా, సెన్సర్ మసి పట్టినా అదే కోడ్ వస్తుంది. బానెట్ కింద ఒక్క పానా పెట్టకుండా 78 వేల లెక్క చెప్పడం నాకు చాలా బాధ కలిగించింది. నెలంతా కష్టపడితే పాతిక వేలు కూడా రాని ఇళ్లలోనూ పాత కార్లున్నాయి, వాళ్లేం చేయాలి? బండి ఇంటికి తెచ్చేశాను.

టర్బో పని ఎలా ఉంటుందో తెలిస్తే నా అనుమానం ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది, అదంతా పలుచటి ఆయిల్ పొర మీద తేలుతూనే. నొక్కిన గాలి వేడెక్కి పల్చబడుతుంది కాబట్టి దాన్ని బంపర్ వెనక ఉన్న ఇంటర్‌కూలర్‌లో చల్లబరిచి ఇంజన్‌కి ఇస్తారు. ఈ దారి పొడవునా రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, ప్లాస్టిక్ జాయింట్లు. మాది ఎనిమిదేళ్ల బండి, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఇనుము కంటే ముందు రబ్బరునే అనుమానించాలి కదా.

కొరిటెపాడులో మా అత్తగారింటి వెనక వేపచెట్టు నీడ ఉంది. ఎండ ముదరక ముందే మొదలుపెడదామని మర్నాడు ఐదున్నరకే లేచాం. మా బావమరిది మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. "బావా, నిజంగా మనమే విప్పుదామా?" అని రెండుసార్లు అడిగాడు. నాలుగేళ్లుగా ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్‌లు నేనే మార్చుకుంటున్నాను, టర్బో జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు, కాబట్టి నాకూ టెన్షన్‌గానే ఉంది. టైర్ల షాపు నుంచి రెండు ఇనుప స్టాండ్లు అడిగి తెచ్చాం. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు, ఐదు నిమిషాల పనైనా సరే. బ్యాటరీ నెగెటివ్ తీసి, కింద ప్లాస్టిక్ పళ్లెం విప్పి, టార్చి వేసి చూస్తే కనబడింది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే కింది గొట్టం వంపు దగ్గర నాలుగు వేళ్ల పొడవున చిరిగి ఉంది, చుట్టూ ఆయిల్ తడి. గట్టిగా తొక్కినప్పుడు నోరు తెరుచుకుంటుంది, మామూలుగా మూసుకుని ఉంటుంది.

దొరికింది కదా అని అక్కడే ఆగలేదు, టర్బో బాగుందో లేదో కూడా తేల్చుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు విప్పి, చల్లారిన ఇంజన్ మీద, గాలి చక్రం మధ్యలో ఉన్న నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని కదిపాను. పైకీ కిందకీ ఒక పిసరు కదిలింది, ఆయిల్ పొర కోసం వదిలిన సందు కాబట్టి అది మామూలే. ముందుకీ వెనక్కీ లాగితే కదలలేదు. రెక్కలు ఎక్కడా గోడకి తగల్లేదు, అంచులు విరగలేదు, వేలితో తిప్పితే నెమ్మదిగా తిరిగింది. 78 వేలకు మార్చేద్దామన్న టర్బో ఇదే.

తర్వాత వాక్యూమ్ సంగతి. టర్బో పక్కన సత్తు డబ్బాలాంటి యాక్చుయేటర్ ఉంటుంది, వాక్యూమ్‌తో దాని కడ్డీ కదిలి లోపలి రెక్కల కోణం మారుస్తుంది. దాన్ని పరీక్షించే చేతి పంపు నా దగ్గర లేదు. మెడికల్ షాపులో పెద్ద 50 ఎం.ఎల్. సిరంజి కొనుక్కొచ్చి, పైపు తగిలించి లాగితే కడ్డీ కదిలి అక్కడే నిలబడింది, లోపలి పొర బాగుందన్నమాట. అయితే ఆ సన్నటి పైపుని సోలనాయిడ్ (వాక్యూమ్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు) దగ్గర వంచితే ఎండు బెరడులా పగుళ్లు కనిపించాయి. అదీ మార్చాల్సిందే.

గుంటూరులో ఫోన్లు చేస్తే ఆ గొట్టం ఎవరి దగ్గరా లేదన్నారు. మా మామయ్య, "విజయవాడ ఆటోనగర్ వెళ్లండి, అక్కడ లేకపోతే ఇంకెక్కడా ఉండదు" అన్నారు. గొట్టం, పైపు, పాత క్లిప్పులు సంచిలో వేసుకుని పొద్దున ఏడింటి నాన్‌స్టాప్ ఎక్కాం. నంబూరు, కాజ టోల్‌గేటు, మంగళగిరి కొండ, గంట కూడా పట్టని దారి. కనకదుర్గ వారధి మీద నుంచి చూస్తే మే నెల కృష్ణలో నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ, దూరంగా ప్రకాశం బ్యారేజీ. వారధి దగ్గరే దిగి ఆటో ఎక్కి, బెంజి సర్కిల్‌లో కుడివైపు తిరిగి బందరు రోడ్డు మీదుగా ఆటోనగర్ గేటుకి చేరాం.

1966లో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్ గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను, లోపలికి వెళ్లడం మాత్రం ఇదే మొదలు. గేటు దాటగానే చెవులు సుత్తి దెబ్బలకి అలవాటు పడాలి. ఒకచోట ఒట్టి ఛాసిస్ మీద చెక్కతో, రేకుతో లారీ బాడీ లేస్తోంది, పక్కనే ఒకాయన బల్ల మీదకి ఎక్కి లారీ డాలా (వెనక తలుపు) మీద తామరపువ్వు గీస్తున్నాడు, గీత ఎక్కడా వణకలేదు. ఒక వీధిలో కమాను కట్టలు, ఇంకో వీధిలో రేడియేటర్లు, మరోచోట డీజిల్ పంపులు విప్పి పళ్లేల్లో పరిచారు. గ్యాస్కెట్ దొరక్కపోతే షీటు పెట్టి అక్కడే కోసిస్తారు. ఏ పనికి ఏ వీధో టీ కొట్టు అబ్బాయికి కూడా తెలుసు. మా బావమరిది నోరు తెరుచుకుని చూస్తూ నాలుగుచోట్ల ఆగిపోయాడు, వాడిని తొందర పెట్టాలనిపించలేదు. పుస్తకంలో బొమ్మగా చూసిన గేర్లు వాడి ముందు గుట్టలుగా ఉన్నాయి.

మొదటి రెండు కొట్లలో లేదన్నారు. మూడోచోట నీలం రంగు సిలికాన్ గొట్టం చూపించి, ఇది ఎప్పటికీ చిరగదు అన్నారు, 900 రూపాయలు. వంపు కొంచెం తేడాగా ఉంది, ఆలోచిస్తానని బయటికొచ్చాం. నాలుగోది సన్నటి కొట్టు, నేల నుంచి కప్పు దాకా రబ్బరు గొట్టాలు వేలాడుతున్నాయి, లోపల అరవై దాటిన ఒక పెద్దాయన. చిరిగిన ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశారు.

"ఇది ఒత్తిడికి చిరగలేదు బాబూ, నూనె తాగి మెత్తబడింది. టర్బో చూసుకున్నారా?"

చూశామండి, ముందుకీ వెనక్కీ ఆట లేదు అన్నాను. ఆయన తలూపి, నీలం గొట్టం ఎవరైనా అంటగట్టారా అని అడిగారు. మామూలు సిలికాన్ వేడిని బాగా తట్టుకుంటుంది గానీ నూనెకి ఆగదట, లోపల వేరే పూత ఉన్న రకమైతేనే ఈ చోట పనికొస్తుందట. టర్బో బాగున్నా ఇంజన్ ఊపిరి పైపు నుంచి కొంచెం నూనె ఆవిరి ఈ గొట్టంలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి నూనెకి ఆగే రబ్బరే కావాలి. నిచ్చెన వేసి పైనుంచి మా బండి గొట్టమే తీసిచ్చారు, అదే వంపు, అదే మందం. 1,850 అన్నారు, బేరం ఆడాలనిపించలేదు. వాక్యూమ్ పైపు ఒక మీటరు, నాలుగు కొత్త క్లిప్పులు తీసుకున్నాం. డబ్బులిచ్చి తిరుగుతుంటే పిలిచి రెండు ఓ-రింగులు, గాలి కారకుండా జాయింటులో వేసే రబ్బరు రింగులు, చేతిలో పెట్టారు. "పైన ఇంటర్‌కూలర్ జాయింటులో వేస్తారు ఇవి, అదీ పాతదే కదా, ఉంచండి." వాటికి డబ్బులు తీసుకోలేదు. ఇంకో మాట కూడా చెప్పారు: "దూరం నుంచి వచ్చి వెంటనే ఆపేయకండి. రెండు నిమిషాలు ఊరికే ఆడనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు ఆపేస్తే లోపల నూనె మాడిపోద్ది."

బయట గోళీ సోడా తాగి, మధ్యాహ్నం భోజనానికి గుంటూరు వచ్చేశాం.

సాయంత్రం నాలుగింటికి బిగింపు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. గొట్టం తొడిగే ఇనుప మూతుల మీద నూనె కొంచెం ఉన్నా గాలి ఒత్తిడికి గొట్టం జారిపోతుంది, అందుకని బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో పొడిగా తుడిచాం. సులువుగా ఎక్కుతుందని గ్రీజు రాయకూడదు. క్లిప్పు సరిగ్గా మూతి దగ్గరి ఉబ్బు వెనక కూర్చోవాలి, మరీ బిగిస్తే రబ్బరుని కోసేస్తుంది. ప్రెషర్ సెన్సర్ విప్పితే రంధ్రం నిండా మసి, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాం, సూది లాంటివి పెట్టలేదు. వాక్యూమ్ పైపు కొత్తది వేసి, కోడ్ చెరిపి, నల్లపాడు వైపు ఒక చుట్టు కొట్టాం. పికప్ వచ్చింది, పొగ లేదు. కానీ గట్టిగా తొక్కితే సన్నటి ఈల. బండి కంప్యూటర్‌కి కలిపిన ఫోన్‌లో చూస్తే గాలి ఒత్తిడి 1.6 బార్ దగ్గర ఆగిపోతోంది, బయటి గాలితో కలిపి వచ్చే లెక్క అది, మా బండికి రెండు దాటాలి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే పైపుల కొట్టు తెరవగానే ఒక పీవీసీ మూత కొని, దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాం. దాన్ని టర్బోకి గాలి వచ్చే పైపుకి తొడిగి, ఊపిరి పైపు మూసి, మా బావమరిది కాలి పంపుతో కొడుతుంటే నేను జాయింట్ల మీద సబ్బునీళ్లు పోశాను. 10 పీఎస్‌ఐ దాటనివ్వలేదు. కింద కొత్త గొట్టం దగ్గర ఒక్క బుడగ లేదు. పైన, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ జాయింటు దగ్గర నురగ పొంగింది. "బావా, ఆ పెద్దాయన రింగులు!" అన్నాడు వాడు, పంపు వదిలేసి. విప్పి చూస్తే పాత రింగు చదునుగా అణిగిపోయి, ఒకచోట తెగి ఉంది. ఆయన ఇచ్చినది వేస్తే సరిగ్గా కూర్చుంది. మళ్లీ పంపు, మళ్లీ సబ్బునీళ్లు, ఎక్కడా బుడగ లేదు.

ఊళ్లో తిరిగితే టర్బోకి అసలు పరీక్ష ఉండదు. అందుకని మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం ఫిరంగిపురం మీదుగా కొండవీడు వెళ్లాం. రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట, ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. మలుపు తర్వాత మలుపు, రెండో గేరులో తొక్కుతుంటే మా వాడు ఫోన్ చూసి అంకెలు చదువుతున్నాడు. 1.8, 1.9, 2.1. అద్దాలు దించేసి విన్నాను, ఈల లేదు, వెనక పొగ లేదు, ఇంజన్ లైటు వెలగలేదు.

పైన ఆపాక తాళం మీదకి చెయ్యి వెళ్లింది. "రెండు నిమిషాలు బావా" అన్నాడు వాడు, ఫోన్‌లో టైమర్ పెడుతూ. కిందంతా పొలాలు, అప్పుడే ఎండ పడుతోంది. ఇంజన్ ఊరికే ఆడుతోంది, ఇద్దరం మాట్లాడకుండా దాని చప్పుడు వింటూ కూర్చున్నాం. టైమర్ మోగాక ఆపాను.