ప్రాణం మీదికి తెచ్చిన నక్క ఉల్లిగడ్డ

బతుకమ్మ పండుగ ముందు పట్టుకున్న దగ్గు నన్ను ఎంతకూ వదల్లేదు. పొడిదగ్గు. రాత్రయితే పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా దగ్గేదాన్ని. మా మేనత్త దేవరకొండ దగ్గరి గుట్టకు గునుగుపూల కోసం పోయి, వస్తూ వస్తూ ఒక గడ్డ తవ్వుకొచ్చింది. "నక్క ఉల్లిగడ్డ బిడ్డా, ఎంతటి దగ్గయినా పోతది" అంది. పిడికెడంత తెల్లటి గడ్డ, పొర మీద పొర. చూస్తే ఉల్లిగడ్డే. దంచి, రసం పిండి, బెల్లం కలిపి ఇచ్చింది. మింగగానే విపరీతమైన చేదు, వెంటనే నాలుక మీద దురద.

అత్త ఊరికే అన్న మాట కాదది. ఆయుర్వేదంలో దీన్ని వనపలాండు అంటారు, దగ్గుకూ కఫానికీ వాడతారు. అయితే అది తెలిసిన వైద్యులు శుద్ధి చేసి, చాలా కొద్ది మోతాదులో ఇచ్చే మందు. పచ్చిగడ్డ రసం సంగతి వేరు. గుండె జబ్బుకు డాక్టర్లు రాసే డిజాక్సిన్ ఎట్లా పనిచేస్తుందో, ఈ గడ్డలోని విషపదార్థాలూ దాదాపు అట్లాగే గుండె మీద పనిచేస్తాయి. మోతాదు మించితే గుండె కొట్టుకునే వేగం పడిపోతుంది, లయ తప్పుతుంది.

ఆ రాత్రే వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. తెల్లవారేసరికి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, ట్యూబ్‌లైటు వెలుగు పచ్చపచ్చగా కనిపిస్తోంది. తమ్ముడు నల్గొండ తీసుకుపోయాడు. నాడి నిమిషానికి 42. మామూలుగా 60కి తగ్గకూడదు. ఏం తిన్నావని డ్యూటీ డాక్టరమ్మ అడిగితే, మిగిలిన గడ్డ ముక్కను తమ్ముడు సంచిలోంచి తీసి చూపించాడు. ఆ ముక్క తీసుకురావడమే నన్ను కాపాడిందని ఇప్పటికీ నమ్ముతాను. ఆమె దాన్ని చిదిమి వాసన చూసి, "ఇది ఉల్లి కాదు" అంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఆలస్యం కాలేదు. ఈసీజీ, పొటాషియం పరీక్ష, గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్, మానిటర్. అత్త బయట బెంచీ మీద కూర్చుని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట.

గుండె లయ కుదుటపడ్డాక ఇంటికి పంపారు గానీ, నీరసం చాలాకాలం ఉంది. మెట్లెక్కితే ఆయాసం. అంతకంటే టెన్షన్ ఎక్కువ. పడుకున్నా మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టుకునేదాన్ని. తర్వాత తీసిన ఈసీజీ మామూలుగా ఉందని చెప్పాకే ఆ అలవాటు తగ్గింది.

ఎండలు ముదిరాక అత్తను వెంటబెట్టుకుని అదే గుట్టకు వెళ్లాను. ఆ మొక్కను కళ్లారా చూడాలనిపించింది. గడ్డి ఎండిపోయిన రాళ్ల నడుమ ఒక్క ఆకు లేకుండా సన్నటి కాడ నిటారుగా నిలబడి ఉంది. దాని పొడవునా ఎడమెడంగా తలవంచుకున్న చిన్న పూలు. ఒక్కో పువ్వుకు ఆరు రేకులు, మాసిన తెలుపు రంగు, రేకు నడుమ ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు చార. ఉల్లిపువ్వు ఇట్లా ఉండదు. కాడ చివర ఒక్కచోటి నుంచే పూలన్నీ పుట్టి గుండ్రటి గుత్తి కడతాయి. ఉల్లి ఆకు గొట్టంలా బోలుగా ఉంటుంది, దీని ఆకు బల్లపరుపు. అన్నిటికంటే తేలిక గుర్తు వాసన. ఆకు నలిపినా గడ్డ చిదిమినా ఉల్లి ఘాటు రాదు. ఘాటు లేదంటే అది ఉల్లి కాదు, నోట్లో పెట్టొద్దు. అసలు ఉల్లి జాతి అడవి మొక్కలు మన దేశంలో ఎక్కువగా హిమాలయాల్లోనే ఉంటాయి, మన గుట్టల మీద కాదు.

అత్త నమ్మలేదు. "గా గడ్డకు గిట్ల పువ్వుంటదా?" అంది. వానలకు ఆకులొచ్చినప్పుడే ఆమె దాన్ని ఎరుగును. ఆకులు ఎండిపోయి, నెలల తర్వాత ఎండల్లో పూస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి కనబడవు. కాడ మొదట్లో పుల్లతో మట్టి గీకి చూపించాను. కింద అదే తెల్లగడ్డ. దాని శాస్త్రీయ నామం డ్రిమియా ఇండికా అని నేను చదివింది చెప్తుంటే శ్రద్ధగా విన్నది. మేకలు కాసే ఆడవాళ్లకు ఇప్పుడు ఆమే ఆ పువ్వును చూపించి చెబుతోంది.

దగ్గు మాత్రం అలర్జీ వల్లనట. పత్తి ఏరే రోజుల్లో ఎక్కువవుతుంది. ఇన్‌హేలర్ వాడుతున్నాను, తగ్గింది.