నొప్పి పోయాక వచ్చిన వాపు

కుడి దవడ కింద కోత మానింది. నోరు మళ్లీ మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోంది. జ్ఞానదంతం చీము పట్టి గొంతు మూసుకుపోబోయిన సంగతి ఇప్పుడు భయం లేకుండా రాయగలను. ఒడిశాలోని రాయగడలో మా తెలుగిళ్లలో లవంగ నూనె సీసా లేని ఇల్లు అరుదు. ఫార్మసిస్టుగా ఆ సీసాలు అమ్మేది కూడా నేనే. అందుకే ఆ నూనె ఏం చేస్తుందో, ఏం చేయలేదో ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాను.

లవంగ నూనెలో ముప్పాతిక వంతుకు పైగా ఉండేది యూజినాల్ అనే పదార్థం. అది నరంలో సోడియం ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, దాంతో నొప్పి మెదడుకు చేరదు. వాపు పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని కూడా కొంత తగ్గిస్తుంది. ప్రయోగశాల పళ్లెంలో సూక్ష్మజీవులను చంపుతుంది, నిజమే. కానీ పంటి వేరు చివర ఎముకలో చేరిన చీము దగ్గరికి పైనుంచి పెట్టిన చుక్క వెళ్లలేదు. ఇంకో సంగతి. పంటి లోపలి గుజ్జు పూర్తిగా చచ్చిపోయినప్పుడు కూడా నొప్పి దానంతటదే ఆగిపోతుంది. నూనె వల్ల ఆగిందా, నరం చచ్చి ఆగిందా అన్నది రోగికి తెలిసే దారి లేదు. నోరు తెరిపించి చూసినవాళ్లకే తెలుస్తుంది.

నా నోరు తెరిపించి చూడలేదు. పళ్ల డాక్టరు ఊళ్లో లేని సమయం. ఆయన వచ్చేదాకా చుక్క నూనెతో నొప్పి ఆపుకుంటున్నాను, అది సరైన వాడుకే. ఉన్నట్టుండి నొప్పి పోయి, దవడ కింద వాపు, జ్వరం మొదలయ్యాయి. వెంటనే దగ్గర్లోని క్లినిక్‌కు వెళితే డాక్టరు బల్ల అవతలి నుంచే అన్నమాట ఇది: "నొప్పి లేదంటున్నారు కదా, మరి కంగారెందుకు? గవదబిళ్లలు అయ్యుంటాయి. లవంగ నూనె బాగానే పనిచేసినట్టుంది, అదే పెట్టుకుంటూ ఉండండి."

ఆ మాట మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. గవద వాపు చెవికి ముందూ కిందా వచ్చి చెవి తమ్మెను పైకి నెడుతుంది. పంటి చీము వాపు దవడ ఎముక కింద, గడ్డం వైపు వస్తుంది. ఒక వేలు నాలుక కింద, ఇంకో చేయి గడ్డం కింద పెట్టి నొక్కితే మెత్తగా ఉందా, చెక్కలా గట్టిపడిందా అన్నది అర నిమిషంలో తేలిపోతుంది. ఆ అర నిమిషం ఆయన ఇవ్వలేదు.

ఆ రాత్రి మా మేనత్త నా బాధ చూడలేక దూది ఉండను నూనెలో ముంచి, పిండకుండా చిగురుకీ బుగ్గకీ మధ్య కుక్కింది. "ఊరుకోయే అమ్మీ, మన వంటింటిదే కదా, ఏటవుతాది? రాతిరికి సర్దుకుంతాది" అంది. చిగురు తెల్లగా ఉడికి, తర్వాత పొరగా ఊడింది. చిక్కటి యూజినాల్ తగిలితే కణజాలంలోని ప్రోటీన్లు గడ్డకడతాయి. అది మందు మంట కాదు, రసాయనం చేసిన పుండు. ఎక్కువ పోస్తే ఎక్కువ ఉపశమనం ఉండదు, ఎక్కువ కాలుతుందంతే.

అయినా ఆ రాత్రి నన్ను బతికించిందీ అత్తే. అర్ధరాత్రి దాటాక ఉమ్మి మింగలేకపోయాను, చొంగ కారిపోతోంది. మాట నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. పడుకుంటే ఊపిరి ఆడట్లేదు. అప్పుడు అత్త వెనక కూర్చుని నన్ను ముందుకు వంచి పట్టుకుంది. తెల్లవార్లూ ఒరగనివ్వలేదు. నిద్రపట్టడానికి మాత్ర వేద్దామని ఎవరో అంటే కసిరి పంపేసింది. అలా కూర్చున్న భంగిమలోనే కారెక్కించి, కూనేరు, కొమరాడ, పార్వతీపురం మీదుగా విశాఖ తీసుకెళ్లారు. దారిలో నోట్లో నీటి చుక్క కూడా పోయనివ్వలేదు. అన్నీ సరిగ్గా చేయవలసిన పనులే.

ఈ జబ్బును 1836లో వర్ణించిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ పేరుతోనే లుడ్విగ్స్ ఆంజైనా అని పిలుస్తారు. కింది దవడలో చివరి రెండు పెద్ద పళ్ల వేళ్ల కొసలు, నోటి అడుగున అడ్డంగా పరుచుకున్న కండరం అతుక్కునే గీత కంటే కిందికి దిగి ఉంటాయి. అందుకే అక్కడ చీము పట్టి ఎముక పగిలితే అది నోట్లోకి కాకుండా దవడ కిందికి, మెడలోకి దిగుతుంది. నాలుక పైకీ వెనక్కీ నెట్టబడి గాలి దారి మూసుకుపోతుంది. యాంటీబయోటిక్స్ రాకముందు ఈ జబ్బు సోకినవాళ్లలో సగం మందికి పైగా చనిపోయేవారు. షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ.

ఆసుపత్రిలో జరిగింది క్లుప్తంగా చెప్తాను. మెలకువగా ఉండగానే ముక్కులోంచి ఊపిరి గొట్టం వేశారు. ముందే మత్తిస్తే కండరాలు సడలి ఆ ఉన్న కాస్త దారీ మూసుకుపోతుందట. రక్తనాళంలోకి యాంటీబయోటిక్స్ ఎక్కించారు, గడ్డం కింద కోసి చీము తీశారు, పన్ను పీకేశారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ ప్రతి పని చేసేముందు నా చెవిలో చెప్పి చేసింది. ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. రాయగడ మజ్జిగౌరమ్మకు అత్త మొక్కుకున్న మొక్కు కూడా తీర్చాం.

తర్వాత పన్ను తీసిన గుంతలో రక్తపు గడ్డ నిలవక ఎముక బయటపడింది, డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాలకే ఇది ఎక్కువ. చెవిదాకా పోటు. పళ్ల డాక్టరు గుంత కడిగి, యూజినాల్ కలిపిన చిన్న గుడ్డ పట్టీ (గాజ్) పెట్టగానే కాసేపట్లో పోటు దిగింది. అదే మందు, ఈసారి సరైన చోట, సరైన మోతాదులో, చూస్తూ మార్చే మనిషి చేతిలో. ఆ పట్టీని కూడా ఎక్కువ రోజులు ఉంచరు. ఎముకకు యూజినాల్ అదేపనిగా తగిలితే మానడం ఆలస్యమవుతుంది. జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో కలిపి చేసే తాత్కాలిక ఫిల్లింగ్ పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ పళ్ల వైద్యంలో ఉంది. పళ్ల ఆసుపత్రి గడప తొక్కగానే వచ్చే వాసన దానిదే.

ఇంత మామూలైన సరుకు ఒకప్పుడు ఎంత అరుదో. లవంగం చెట్టు పుట్టిల్లు ఇండోనేషియాలో మలుకు ప్రాంతపు చిన్న దీవులు: టెర్నాటే, టిడోరే, మోటి, మకియాన్, బచాన్. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీ సాగును అంబోన్ వైపు కుదించి, మిగతా చోట్ల చెట్లు నరికించింది. 1770లో పియర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి మొక్కలను రహస్యంగా మారిషస్‌కు తెప్పించాకే ఆ గుత్తాధిపత్యం సడలింది. మన దేశానికి 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ద్వారా తమిళనాడులోని కుర్తాళం తోటలకు వచ్చింది. తాంబూలానికి గుచ్చే లవంగం విచ్చని పూమొగ్గ. ఎండిన మొగ్గలను ఆవిరి పట్టి నూనె తీస్తారు, వంద కిలోలకు పదిహేను కిలోలకు పైనే వస్తుంది. ఆకుల నుంచి తీసేది చవక రకం, చాలా సీసాల్లో ఉండేది అదే.

షాపులో రెండు రకాల సీసాలు ఒకే పేరుతో దొరుకుతాయి. ఒకటి అసలు లవంగ నూనె. రెండోది నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో లవంగాలు కాచింది. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే అసలుది మునుగుతుంది, ఎందుకంటే అది నీటికంటే బరువు. కాచిన నూనె తేలుతుంది. అసలుది లేత పసుపు రంగులో ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ సీసాలో పోసి ఉంచకూడదు, యూజినాల్ కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ముదురు రంగు గాజు సీసా, బిగుతు మూత, పిల్లలకు అందని ఎత్తు కావాలి.

పంటికి వాడేటప్పుడు బియ్యపు గింజంత దూది చాలు. ఒక చుక్క నూనెను పది చుక్కల కొబ్బరి నూనెలో కలిపి, దూది ముంచి, పిండేసి, పట్టకారుతో పుచ్చు గుంతలోనే పెట్టాలి. చిగురుకు, నాలుకకు తగలనివ్వకూడదు. పది నిమిషాల తర్వాత తీసేసి గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఒకటి రెండు రోజులు, అంతే. ఆయనకు ఈ నూనె వాడినట్టు తప్పకుండా చెప్పాలి, పంటి రంగు ఫిల్లింగ్ గట్టిపడకుండా యూజినాల్ అడ్డుపడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, ఆపరేషన్ ముందున్నవాళ్లు మింగకూడదు, రక్తకణాలు ముద్దకట్టే గుణాన్ని అది తగ్గిస్తుంది. చర్మానికైతే నూటికి అర వంతుకు మించకుండా కలపాలి.

పసిపిల్లల పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లకు రాసే అలవాటు మన వైపు ఉంది. ఇది నేను గట్టిగా వద్దంటాను. యూజినాల్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పిన రోజువారీ పరిమితి కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు అది 25 మిల్లీగ్రాములు, అసలు నూనె ఒక్క చుక్కలోనే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. రోజూ జీవితాంతం తినగల మోతాదు అది, విషపు హద్దు కాదు. కానీ రెండేళ్ల పిల్లాడు 5 నుంచి 10 మిల్లీలీటర్లు తాగి స్పృహ తప్పి, మూర్ఛలొచ్చి, కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. పిల్లలు మింగితే వాంతి చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు పట్టొద్దు. సీసాను వెంట తీసుకుని 108కి ఫోన్ చేయండి. రక్తంలో చక్కెర పడిపోతుంది కాబట్టి వెళ్లగానే అది చూడమనండి, కాలేయ పరీక్షలు రాయమనండి. పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లకు ఇచ్చే అసిటైల్ సిస్టీన్‌ను ఈ విషానికీ వాడారు, కాలేయంలో జరిగే నష్టం రెండింట్లోనూ దగ్గర దగ్గరే.

ఇప్పుడు నా షాపులో లవంగ నూనె అడిగినవాళ్లను ముందు వాపు ఉందా, జ్వరం ఉందా, నోరు పూర్తిగా తెరుచుకోని ఇబ్బంది ఉందా అని అడుగుతున్నాను. ఒక్కటి ఉందన్నా సీసా ఇవ్వను. పళ్ల డాక్టరు దగ్గరికి ఆ పూటే పంపిస్తాను. వాళ్లు చిరాకు పడితే పడనీ.